ధైర్యం సరే, దేనికోసం? – 26వ నార్త్ కరోలినా కథ

అమెరికా అంతర్యుద్ధం గురించి కాస్త లోతుగా చదివేవాళ్ళకి ఎక్కడో ఒకచోట 708 అనే అంకె తగులుతుంది. 1863 జూలై 1 నుంచి 3 దాకా గెటిస్‌బర్గ్ దగ్గర జరిగిన యుద్ధంలో 26వ నార్త్ కరోలినా పదాతి రెజిమెంటు పోగొట్టుకున్న మనుషుల సంఖ్య అది. 86 మంది అక్కడికక్కడే పోయారు, 502 మంది గాయపడ్డారు, 120 మంది గల్లంతయ్యారు. ఉత్తరాది సైన్యంలో అధికారిగా పనిచేసిన విలియం ఫాక్స్ అనే ఆయన 1889లో అచ్చువేసిన పుస్తకంలోని లెక్క ఇది. తర్వాతి పరిశోధకులు ఈ అంకెని కొంచెం తగ్గించారు గానీ, తగ్గించాక కూడా చూసేవాళ్ళ గుండె ఝల్లుమనే అంకే. యుద్ధంలోకి దిగింది 800 పైచిలుకు మంది. అంటే పదిమందిలో ఎనిమిది మంది లెక్కలోంచి పోయారన్నమాట. గెటిస్‌బర్గ్‌లో రెండు వైపులా కలిపి వందల కొద్దీ రెజిమెంట్లు పాల్గొన్నాయి. వాటిలో ఏదీ ఇంతమందిని పోగొట్టుకోలేదు.

ఇలాంటి అంకె కనబడగానే మనకి నోట మాట రాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ నిశ్శబ్దంలోనే ఒక ప్రశ్న మెల్లగా జారిపోతుంది... వీళ్ళు దేనికోసం పోరాడారు? దక్షిణాది రాష్ట్రాల్లో ఆ యుద్ధం జ్ఞాపకాన్ని కట్టినవాళ్ళు ఈ నిశ్శబ్దాన్ని చాలా బాగా వాడుకున్నారని నా అభిప్రాయం. అలాగని ఆ 708 మందినీ ఒకే గాటన కట్టేసి "బానిసల యజమానుల కిరాయి మూక" అని కొట్టిపారేసినా అది చరిత్ర అవదు. రెంటికీ మధ్య ఏముందో చూద్దామనే ఈ టపా.

ముందు రెజిమెంటు అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. అప్పట్లో ఒక పదాతి రెజిమెంటుకి పది కంపెనీలు. ఒక్కో కంపెనీ దాదాపుగా ఒకే కౌంటీ నుంచి (మన పాత తాలూకా లాంటిదనుకోండి) వచ్చేది. 26వ రెజిమెంటులో 'ఎ' కంపెనీ యాష్ కౌంటీది, 'బి' యూనియన్ కౌంటీది, 'సి' విల్క్స్ కౌంటీది, 'డి' రాజధాని రాలీ ఉన్న వేక్ కౌంటీది. 'ఎఫ్', 'ఐ' రెండూ కొండప్రాంతమైన కాల్డ్‌వెల్ కౌంటీవి. ఇవి ఉత్త అక్షరాలు కూడా కావు. ఎఫ్ కంపెనీకి తమ ఊరి కొండ పేరుమీద 'హైబ్రిటెన్ గార్డ్స్' అని పేరు. కె కంపెనీకైతే 'పీడీ వైల్డ్ క్యాట్స్' అంటే పీడీ నది అడవిపిల్లులు! అన్నదమ్ములు, మేనత్త మేనమామ పిల్లలు, పక్క పొలంవాడు, బడిలో కలిసి చదివినవాడు... అందరూ ఒకే వరసలో నిలబడేవాళ్ళు. పక్కన ఊరివాళ్ళుంటే పారిపోవడం కష్టం, ధైర్యం అదే వస్తుంది. కానీ ఒక్క చెడ్డ మధ్యాహ్నం వస్తే ఊళ్ళో మగదిక్కంతా ఒకేసారి పోతుంది. 708 అనే అంకె వెనక ఉన్న యంత్రాంగం ఇదే.

ఈ పది కంపెనీలూ 1861 ఆగస్టులో రాలీ దగ్గర క్యాంప్ క్రాబ్‌ట్రీ అనే శిక్షణ శిబిరంలో ఒక రెజిమెంటుగా ఏర్పడ్డాయి. రాలీ, కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల ఇప్పుడు మన తెలుగువాళ్ళు, అందులోనూ సాఫ్టువేరు జనం, బాగానే ఉన్నారు. వాళ్ళకి క్రాబ్‌ట్రీ అనగానే షాపింగ్ మాలే గుర్తొస్తుంది. ఆ వాగు ఒడ్డునే ఈ పల్లెటూరి కుర్రాళ్ళు కుడి ఎడమ తెలియకుండా డ్రిల్లు చేసేరు.

రెజిమెంటుకి మొదటి కల్నల్ జెబులన్ వాన్స్. ఈయనది కొండప్రాంతం. మాటకారి, రాజకీయ నాయకుడు. తమాషా ఏంటంటే అమెరికా ఐక్యంగా ఉండాలని 1861 వసంతం దాకా గొంతు చించుకున్నవాళ్ళలో ఈయనొకడు. నార్త్ కరోలినా కూడా అంతే. విడిపోవడం గురించి చర్చించడానికి సభ పెడదామా వద్దా అని 1861 ఫిబ్రవరిలో ఓటింగ్ పెడితే స్వల్ప తేడాతో వద్దన్నారు జనం. ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ మీద దాడి జరిగి, తిరుగుబాటుని అణచడానికి ప్రతి రాష్ట్రమూ సైన్యాన్ని పంపాలని లింకన్ అడిగాక గాలి తిరిగింది. తోటి దక్షిణాది రాష్ట్రాల మీద తుపాకి ఎత్తేది లేదని 1861 మే 20న నార్త్ కరోలినా కూడా విడిపోయింది. వాన్స్ కూడా గాలివాటుకే తిరిగేడు. సైనిక విద్య ఆయనకి పెద్దగా రాదు. 1862 ఆగస్టులో గవర్నరుగా ఎన్నికై వెళ్ళిపోయేడు.

డ్రిల్లు నేర్పింది ఆయన కింద పనిచేసిన లెఫ్టినెంట్ కల్నల్, హారీ బర్గ్విన్. వయసు పందొమ్మిది! వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో చదివేడు. తల్లి బోస్టన్ పిల్ల. ఇతను పుట్టింది కూడా ఉత్తరాదిలోనే, మసాచుసెట్స్‌లోని జమైకా ప్లెయిన్‌లో. తండ్రికి రోనోక్ నది ఒడ్డున పెద్ద ఎస్టేటు, వందకి పైగా బానిసలు. కొండల్లోంచి వచ్చిన చిన్నరైతుల పిల్లలకి ఈ జమీందారు బిడ్డ పెట్టే క్రమశిక్షణ మొదట్లో గిట్టేది కాదు. 1862 మార్చి 14న న్యూబెర్న్ దగ్గర ఉత్తరాది సైన్యం చేతిలో వీళ్ళ పక్షం ఓడిపోయినప్పుడు ఆ అభిప్రాయం మారింది. వెనక్కి వెళ్ళే వంతెన తగలబడిపోయింది. బ్రైసెస్ క్రీక్ అనే లోతైన వాగు అడ్డం. బర్గ్విన్ చిన్న పడవలు సంపాదించి, కొద్దికొద్దిమందిగా తన మనుషుల్ని అవతలికి దాటించి, చివరి పడవలో తను దాటేడు. ఇక ఆ రోజు నుంచి కుర్రాళ్ళు అతని మాట జవదాటలేదు. వాన్స్ వెళ్ళిపోయాక, "ఇంత పసివాణ్ణి కల్నల్‌గా నా బ్రిగేడులో ఒప్పుకోను" అన్న ధోరణిలో జనరల్ రాన్సమ్ అభ్యంతరం పెడితే, రెజిమెంటునే వేరే బ్రిగేడుకి, జనరల్ పెటిగ్రూ కిందకి, మార్చేరు తప్ప బర్గ్విన్‌ని మార్చలేదు. అలా ఇరవై ఏళ్ళకి కల్నల్ అయ్యేడు.

ఇదే రెజిమెంటులో ఇంకో కథ ఉంది. న్యూబెర్న్ ఓటమి జరిగిన వారానికే, 1862 మార్చి 20న, ఎఫ్ కంపెనీలో శామ్యూల్ బ్లాలక్ అనే కుర్రాడు చేరేడు. అప్పటికే అక్కడున్న కీత్ బ్లాలక్‌కి తమ్ముణ్ణని చెప్పుకున్నాడు. నిజానికి తమ్ముడు కాదు, భార్య! పేరు మలిండా. జుట్టు కత్తిరించుకుని మగవేషంలో మొగుడి వెంట వచ్చేసింది. అసలు విషయం ఏంటంటే కీత్‌ది ఉత్తరాది పక్షం. ఎలాగూ సైన్యంలో చేరక తప్పదు కాబట్టి, చేరి అదను చూసుకుని అవతలి పక్షానికి దూకేద్దామని అతని ఆలోచన. అదను దొరకలేదు. దాంతో ఒంటికి తాకితే దద్దుర్లు లేచే విషపు మొక్కల్లో బట్టలిప్పేసి దొర్లేడు. ఒళ్ళంతా పొక్కులు చూసి అదేదో అంటురోగమని భయపడి డాక్టర్లు ఇంటికి పంపేసేరు. అతనలా వెళ్ళగానే 'శామ్యూల్' వెళ్ళి తను ఆడదాన్నని చెప్పేసింది. ఇద్దరూ కొండల్లోకి పోయి, తర్వాత రోజుల్లో దక్షిణాది సైన్యం మీదనే గెరిల్లాలుగా పోరాడేరు. చిత్రమేమిటంటే కీత్ సమాధి రాయి మీద చెక్కి ఉన్నది మాత్రం '26వ నార్త్ కరోలినా సైనికుడు' అనే!

ఇదంతా వినోదం కోసం చెప్పలేదు. రెజిమెంటు పేరు చూసి అందులో ఉన్న మనిషి మనసులో ఏముందో చెప్పలేం అనడానికి ఇంతకన్నా సాక్ష్యం దొరకదు. ఆ రెజిమెంటులో బానిసల యజమాని కొడుకున్నాడు, ఐక్యత కోరి తర్వాత తిరిగిపోయిన నాయకుడున్నాడు, అమెరికా జెండాకే కట్టుబడిన కొండవాడు ఉన్నాడు, ఊళ్ళో అందరూ చేరుతున్నారని చేరినవాళ్ళున్నారు. ఆఖరికి సేలం ఊరి నుంచి వచ్చిన మొరావియన్ క్రైస్తవుల బ్యాండు మేళం కూడా ఉంది. వాళ్ళు వాయించుకున్న సంగీతం పుస్తకాలు ఇప్పటికీ విన్‌స్టన్-సేలంలో భద్రంగా ఉన్నాయి.

ఇంకో సంగతి. 1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ నిర్బంధ సైనిక భర్తీ చట్టం తెచ్చింది. 18 నుంచి 35 ఏళ్ళ మధ్యనున్న తెల్లజాతి మగవాళ్ళందరూ సైన్యంలో ఉండాల్సిందే. ఏడాదికని సంతకం పెట్టినవాళ్ళకి గడువు మూడేళ్ళకి పెరిగిపోయింది. డబ్బున్నవాడు తన బదులు ఇంకొకణ్ణి పెట్టుకోవచ్చు. అదే ఏడాది అక్టోబరులో ఇంకో సవరణ: ఇరవైమంది బానిసలున్న ఎస్టేటుకి ఒక తెల్లవాడు చొప్పున సైన్యం నుంచి మినహాయింపు. కాల్డ్‌వెల్ కౌంటీలో ఒక్క బానిస కూడా లేని రైతుకి ఇది ఎలా అర్థమయ్యుంటుందో మనం ఊహించుకోవచ్చు. "యుద్ధం ధనవంతులది, చచ్చేది బీదవాళ్ళు" అనే మాట ఆ కాలంలో దక్షిణాదిలో పల్లెపల్లెనా వినబడింది. అయినా 1863 జూన్‌లో లీ సైన్యం ఉత్తరాన పెన్సిల్వేనియా మీదకి బయల్దేరినప్పుడు 26వ రెజిమెంటు 800 పైచిలుకు మందితో కదిలింది.

జూలై 1, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం. గెటిస్‌బర్గ్ ఊరికి పడమరన విలోబీస్ రన్ అని ఒక చిన్న వాగు. దాని అవతల చెట్లున్న మిట్ట. ఆ చెట్లలో నల్లటోపీలు పెట్టుకున్న ఐరన్ బ్రిగేడు. 26వ రెజిమెంటుకి సరిగ్గా ఎదురుగా నిలబడింది 24వ మిషిగన్. అది డెట్రాయిట్ చుట్టుపక్కల కుర్రాళ్ళతో ఏడాది కిందట కట్టిన రెజిమెంటు, 496 మంది. వీళ్ళు గోధుమచేను దాటి, వాగులో దిగి, ఆవలిగట్టు ఎక్కి, చెట్లలోకి నెట్టుకుంటూ పోయేరు. ఒక దశలో రెండు వరసల మధ్య దూరం ఇరవై అంగల దగ్గరకొచ్చింది. తుపాకిలో మందు, గుండు దట్టి పేల్చే కాలం అది. నిమిషానికి రెండు మూడు సార్లకి మించి పేల్చలేరు. అంత దగ్గర్లో నిలబడి గుండు కూరుకోవడం అంటే ఏమిటో ఊహించండి.

రెజిమెంటు జెండా ఎవరు పట్టుకుంటే వాళ్ళు పడిపోతున్నారు. జెండా ఉత్త గుడ్డముక్క కాదు. పొగలో, ఆ గోలలో సైనికుడికి తన వరస ఎక్కడుందో తెలిసేది దాన్ని చూసే. అందుకే శత్రువు గురి కూడా దానిమీదే. బ్రిగేడు నుంచి పెటిగ్రూ మెచ్చుకోలు కబురు తెచ్చిన కెప్టెన్ మెక్రీరీ, కబురు చెప్పి, పడి ఉన్న జెండా తను అందుకుని, గుండెలో గుండు తగిలి పోయేడు. తర్వాత లెఫ్టినెంట్ విల్కాక్స్ అందుకున్నాడు, ఆయనా పడ్డాడు. అప్పుడు బర్గ్విన్ తీసుకున్నాడు. జెండాని ఇంకో సైనికుడి చేతికి ఇస్తుండగా గుండు రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోయింది. ఆ సైనికుడూ పోయేడు. లెఫ్టినెంట్ కల్నల్ జాన్ లేన్ అందుకున్నాడు. ఇతను చాతమ్ కౌంటీ పల్లెటూరివాడు, మామూలు సిపాయిగా చేరి పైకొచ్చినవాడు. 24వ మిషిగన్ వరస విరిగి వెనక్కి తగ్గుతున్నప్పుడు, వాళ్ళలో చార్లెస్ మెకానెల్ అనే సైనికుడు ఒక చెట్టుకి తుపాకి ఆనించి గురిచూసి కొట్టేడు. గుండు లేన్ మెడ వెనక దూరి నోట్లోంచి బయటికొచ్చింది. ఆ రోజు ఆ జెండా పట్టి పడ్డవాళ్ళు మొత్తం 14 మంది అని రెజిమెంటు చరిత్ర చెబుతుంది.

మిట్ట వీళ్ళ చేతికొచ్చింది. బర్గ్విన్ ఆ రోజే ప్రాణం వదిలేడు. ఇరవై రెండు నిండడానికి ఇంకా మూడు నెలలుంది. కీత్, మలిండా ఒకప్పుడు ఉన్న ఎఫ్ కంపెనీలో, ఫాక్స్ లెక్క ప్రకారం, ముగ్గురు అధికారులు, 84 మంది సైనికులు దిగితే, ముగ్గురు అధికారులూ, 83 మంది సైనికులూ చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది. ఒకే ఒక్కడు మిగిలేడు. అవతలివైపు 24వ మిషిగన్‌ది కూడా తక్కువ నష్టం కాదు, 496 మందిలో 363.

మర్నాడు సాయంత్రం, ఫిరంగులు హోరెత్తుతుండగా, దక్షిణాది బ్యాండు ఒకటి డాన్సు పాటలు వాయించడం విని, లీ సైన్యంతో ఉన్న ఆర్థర్ ఫ్రీమాంటిల్ అనే బ్రిటిష్ అధికారి ఆశ్చర్యపడి డైరీలో రాసుకున్నాడు. అది మన సేలం మేళమేనని చరిత్రకారులు చెబుతారు. మిగిలినవాళ్ళకి కాస్త ఊపిరి పోయడానికి వాయించమన్నారు పాపం!

జూలై 3న మిగిలిన ఆ కాసిన్ని మందినీ మళ్ళీ వరసలో నిలబెట్టేరు. పికెట్ దాడి అని ప్రపంచమంతా పిలిచే దాడిలో ఎడమవైపు నడిచింది పెటిగ్రూ మనుషులు. బహిరంగ మైదానంలో దాదాపు ముప్పావు మైలు నడక, ఎదురుగా రాతిగోడ, దాని వెనక ఫిరంగులు. 26వ రెజిమెంటు మనుషులు కొద్దిమంది గోడ దాకా వెళ్ళేరు. జెండా 12వ న్యూజెర్సీ చేతికి చిక్కింది. రెజిమెంటు అక్కడితో అయిపోలేదు. కొత్తవాళ్ళని చేర్చుకుంటూ, గాయాలు మానినవాళ్ళు తిరిగొస్తూ, 1863 అక్టోబరులో బ్రిస్టో స్టేషన్, 1864 మేలో విల్డర్‌నెస్, తర్వాత పీటర్స్‌బర్గ్ కందకాలు అన్నీ చూసింది. మెడలో గుండు దిగిన లేన్ బతికి, కల్నల్‌గా తిరిగొచ్చేడు! 1865 ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో లీ లొంగిపోయినప్పుడు ఈ రెజిమెంటులో మిగిలింది సుమారు 130 మంది.

ఇక్కడిదాకా చదివితే ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది, సహజం. మామూలుగా పుస్తకాలూ, శిలాఫలకాలూ ఇక్కడే ఆగిపోతాయి. నేను ఇంకో రెండడుగులు వేద్దామంటాను.

మొదటి అడుగు. బర్గ్విన్ పోయినప్పుడు అతని దగ్గర కిన్షన్ అనే సేవకుడున్నాడు. సేవకుడంటే జీతగాడు కాదు, బర్గ్విన్ కుటుంబం బానిస. యజమాని చనిపోయాక అతని గుర్రాన్నీ సామాన్లనీ ఇంటికి చేర్చింది ఇతనే. రెజిమెంటు క్వార్టర్‌మాస్టర్ బర్గ్విన్ తండ్రికి రాసిన ఉత్తరంలో, కిన్షన్ చాలా దుఃఖపడుతున్నాడని ఉంది. తర్వాతి కాలంలో ఇలాంటి కథల్ని "చూశారా, బానిసలకి యజమానులంటే ఎంత ప్రేమో" అని చెప్పడానికి తెగ వాడేరు. నిజంగా దుఃఖపడి ఉండొచ్చు, తోడుగా తిరిగిన కుర్రాడు పోతే ఎవరికైనా దుఃఖం వస్తుంది. కానీ ఆ ఉత్తరం రాసినవాడు తెల్ల అధికారి, చదివినవాడు బానిసల యజమాని. మనకి కిన్షన్ కనబడేది వాళ్ళ కళ్ళలోంచే. మరి ఆ 708లో గానీ, 800 పైచిలుకులో గానీ, కిన్షన్ లాంటివాళ్ళు ఒక్కరూ లేరు. గుర్రాలు చూస్తూ, వంటలు చేస్తూ, బళ్ళు తోలుతూ లీ సైన్యంతో వేలమంది బానిసలు పెన్సిల్వేనియా దాకా నడిచేరు. ఏ పట్టికలోనూ వాళ్ళకో గడి లేదు. డేటాబేసులో కాలమ్ పెట్టకపోతే తర్వాత ఎన్ని క్వెరీలు రాసినా ఆ సమాచారం రాదు కదా, అదే సంగతి.

అంతేకాదు. అదే 1863 జూన్‌లో లీ సైన్యం పెన్సిల్వేనియాలో నడుస్తూ అక్కడున్న నల్లవాళ్ళని, పుట్టుకతో స్వతంత్రుల్ని కూడా, పట్టుకుని బానిసలుగా దక్షిణానికి పంపింది. ఛాంబర్స్‌బర్గ్‌లో ఇది కళ్ళారా చూసినవాళ్ళు రాసిపెట్టేరు. ఈ పని 26వ రెజిమెంటు కుర్రాళ్ళు చేశారని నేననడం లేదు. కానీ వాళ్ళు కాపలా కాసింది ఆ పని చేసే సైన్యానికే. కాన్ఫెడరసీ దేనికోసం పుట్టిందో దాని నాయకులు దాచుకోలేదు కూడా. ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానా ఊళ్ళో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని బాహాటంగా చెప్పేడు. మూలరాయి ఉపన్యాసం అనే దానికి పేరు. అప్పటికి దేశంలో దాదాపు 40 లక్షలమంది బానిసలున్నారు. నార్త్ కరోలినాలోనే మొత్తం జనాభా 9,92,622 అయితే అందులో 3,31,059 మంది బానిసలు. ప్రతి ముగ్గురిలో ఒకరు!

(ఈ బానిసల పత్తి గొడవ మన గోదావరి తీరానికీ తగిలింది. దక్షిణాది రేవుల్ని లింకన్ నౌకలు మూసేస్తే ఇంగ్లండు మిల్లులకి పత్తి కరువొచ్చింది, ఇండియా పత్తికి ధర లేచింది, కాకినాడ రేవు పత్తి ఎగుమతులతో కళకళలాడింది. యుద్ధం అయిపోగానే ధర పడిపోయింది.)

రెండో అడుగు. 26వ రెజిమెంటు 1862లో పడవలెక్కి తప్పించుకున్న న్యూబెర్న్ గుర్తుంది కదా. ఆ ఊరు ఆ తర్వాత యుద్ధం చివరిదాకా ఉత్తరాది చేతిలోనే ఉంది. చుట్టుపక్కల ఎస్టేట్లనుంచి బానిసలు వేలల్లో అక్కడికి పారిపోయి వచ్చేరు. అబ్రహాం గాలవే అని, తనూ ఒకప్పుడు బానిసగా పుట్టి తప్పించుకున్నవాడే, అక్కడ నల్ల సైనికుల్ని కూడగట్టేడు. అలా తయారైన దళానికి పేరేంటో తెలుసా? 1వ నార్త్ కరోలినా కలర్డ్ వాలంటీర్స్. సైనిక రికార్డుల్లో ఆ రెజిమెంటు ఏర్పడిన తేదీ 1863 జూన్ 30. విలోబీస్ రన్ దగ్గర బర్గ్విన్ చనిపోవడానికి సరిగ్గా ఒకరోజు ముందు! వాళ్ళూ నార్త్ కరోలినా మనుషులే. వాళ్ళ కంపెనీల్లోనూ ఒకే ఊరివాళ్ళు, అన్నదమ్ములు ఉన్నారు. పట్టుబడితే మళ్ళీ బానిసత్వమో చావో అని తెలిసి తుపాకి పట్టేరు. 1864 ఫిబ్రవరి 20న ఫ్లోరిడాలో ఒలస్టీ దగ్గర వాళ్ళూ నెత్తురు ధారపోసేరు. ఆ రెజిమెంటుకి 35వ యునైటెడ్ స్టేట్స్ కలర్డ్ ట్రూప్స్ అని పేరు మార్చేరు. పేరులోంచి 'నార్త్ కరోలినా' అనే మాట ఎగిరిపోయింది.

జ్ఞాపకంలోంచి కూడా ఎగిరిపోయింది, ఎవరో పనిగట్టుకుని ఎగరగొట్టేరు. యుద్ధం అయిన మరుసటి ఏడాదే, 1866లో, ఎడ్వర్డ్ పొలార్డ్ 'ది లాస్ట్ కాజ్' అని పుస్తకం వేసేడు. దాని చుట్టూ ఒక తరం కథ అల్లింది: మనవాళ్ళు వీరులు, శత్రువు సంఖ్యాబలంతో గెలిచేడు, పోరాటం రాష్ట్రాల హక్కుల కోసం. బానిసత్వం అనే మాటని పక్కకి తోసి, ఆ ఖాళీలో వీరత్వాన్ని నింపేరు. అందుకు 26వ రెజిమెంటు లాంటి కథ కన్నా మంచి సరుకు ఏముంటుంది?

1903 జూలైలో గెటిస్‌బర్గ్ నలభయ్యో వార్షికోత్సవానికి ముసలి లేన్ వచ్చేడు. అతని మెడలోకి గుండు కొట్టిన మిషిగన్ మెకానెల్ కూడా వచ్చేడు. ఇద్దరూ చేతులు కలిపేరు, ఫొటో కూడా ఉంది. ఒకరినొకరు చంపుకోబోయిన మనుషులు నలభై ఏళ్ళకి నవ్వుతూ చెయ్యి పట్టుకోవడం చూస్తే మనసు కరుగుతుంది. నేనేమీ రాయిని కాను. కానీ అదే కాలంలో నార్త్ కరోలినాలో ఏం జరుగుతోందో కూడా పక్కన పెట్టి చూడండి. 1898లో విల్మింగ్టన్‌లో నల్లవాళ్ళని ఊచకోత కోసి, ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని తుపాకులతో దించేశారు. 1900లో రాజ్యాంగ సవరణ చేసి నల్లవాళ్ళ ఓటుహక్కు దాదాపుగా ఊడబీకేరు. 1913లో చాపెల్‌హిల్ విశ్వవిద్యాలయంలో కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం నిలబెట్టి, ఆ సభలో జూలియన్ కార్ అనే ధనవంతుడు, తనూ మాజీ సైనికుడే, యుద్ధం నుంచి రాగానే ఓ నల్లజాతి స్త్రీని కొరడాతో కొట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. తెల్లవాళ్ళిద్దరూ చేతులు కలుపుకుంటున్నప్పుడు ఎవరి లెక్క తేలకుండా మిగిలిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఆ చాపెల్‌హిల్ విగ్రహాన్ని 2018 ఆగస్టులో విద్యార్థులూ, నిరసనకారులూ లాగి పడేశారు. రాలీలో శాసనసభ భవనం ముందున్న 1895 నాటి స్తంభాన్ని 2020 జూన్‌లో తీసేశారు. యాష్‌విల్‌లో మన మొదటి కల్నల్ వాన్స్ పేర ఉన్న స్తంభాన్ని 2021లో విప్పడం మొదలుపెట్టి, కోర్టు గొడవలయ్యాక 2024లో పూర్తిచేశారు. "చరిత్రని చెరిపేస్తున్నారు" అని అప్పుడు చాలామంది గోలపెట్టేరు, మనవాళ్ళలో కూడా కొందరు. నాకు మాత్రం అందులో చరిత్ర చెరిగిందేమీ కనబడలేదు. 26వ రెజిమెంటు నష్టాల పట్టికలు ఉన్నాయి, ఉత్తరాలున్నాయి, గెటిస్‌బర్గ్‌లో వాళ్ళు పోరాడిన చోట గుర్తురాయి ఉంది, బర్గ్విన్ సమాధి రాలీలో ఓక్‌వుడ్ శ్మశానంలో ఉంది. తీసేసింది చరిత్రని కాదు, పూజని. రెంటికీ తేడా ఉంది.

ధైర్యం అనేది గొప్ప గుణమే, కానీ అది ఏ పక్షాన నిలబడితే ఆ పక్షం న్యాయమైపోదు. ఎఫ్ కంపెనీ కుర్రాళ్ళని తలుచుకుని బాధపడడానికి వాళ్ళ ప్రభుత్వం మంచిదని ఒప్పుకోనక్కర్లేదు. అసలు వాళ్ళకి జరిగిన అన్యాయం కూడా అక్కడే ఉంది. ఇరవైమంది బానిసలున్నవాడికి మినహాయింపు ఇచ్చిన ప్రభుత్వమే, ఒక్క బానిస కూడా లేనివాణ్ణి బలవంతంగా పట్టి ఉంచింది. వాళ్ళ చావుని కీర్తిగా మార్చి, ఆ కీర్తితో మళ్ళీ నల్లవాళ్ళ ఓట్లు లాక్కున్నారు. ఇది ఆ కుర్రాళ్ళని గౌరవించడమా, ఇంకోసారి వాడుకోవడమా?

ఎప్పుడైనా మీరు గెటిస్‌బర్గ్ వెళ్తే (వాషింగ్టన్ నుంచి కారులో రెండు గంటలు కూడా పట్టదు) అందరూ వెళ్ళే పికెట్ దాడి మైదానంతో పాటు ఊరికి పడమరనున్న ఆ చిన్న వాగు దగ్గరకీ వెళ్ళండి. వీలుంటే న్యూబెర్న్ కూడా చూడండి, అక్కణ్ణుంచి వెళ్ళిన రెండో నార్త్ కరోలినా రెజిమెంటు సంగతి గుర్తుపెట్టుకుని. రెండు చోట్లా చూస్తేగానీ ఆ రాష్ట్రం లెక్క పూర్తవదు.